మైసూరు గజశాల నుంచి లండన్ స్టూడియోకు: మావటి బిడ్డ సాబూ జీవితం

డిస్నీ వాళ్ల ‘అలాద్దీన్’ కార్టూన్ చూడని పిల్లలు మన ఇళ్లల్లో తక్కువ. అందులో హీరో భుజమెక్కి తిరిగే కోతి పేరు అబూ, దుర్మార్గుడైన వజీరు పేరు జాఫర్. 1992లో వచ్చిన ఆ కార్టూన్ ఈ రెండు పేర్లనూ 1940 నాటి ఒక బ్రిటిష్ సినిమా నుంచి తీసుకుంది. ఆ పాత సినిమాలో అబూ కోతి కాదు. బాగ్దాదు బజారులో చేపలు, రొట్టెలు కొట్టేసి పరుగులు తీసే కుర్రాడు. ఆ వేషం వేసింది మైసూరు సంస్థానంలో ఏనుగుల మధ్య పుట్టి పెరిగిన ఒక ముస్లిం యతీమ్ పిల్లాడు. పేరు సాబూ.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి చుట్టూ చూస్తే ఇంజినీరింగ్, బ్యాంకు పరీక్షల కోచింగ్ బోర్డుల మధ్యలో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ కోర్సుల బోర్డులు కూడా కనిపిస్తాయి. నీలం తెర ముందు నటుణ్ని నిలబెట్టి, వెనక ఇంకో దృశ్యాన్ని అతికించడం ఆ కోర్సుల్లో మొదట్లోనే వచ్చే పాఠం. రంగుల సినిమాలో ఆ పద్ధతిని పెద్ద ఎత్తున వాడి చూపించిన తొలి చిత్రం సాబూ నటించిన ఆ ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. సీసాలోంచి లేచి ఆకాశమంత ఎదిగే జిన్ను, ఎగిరే తివాచీ, ఎగిరే గుర్రం అన్నీ అందులో ఉన్నాయి. ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, స్పెషల్ ఎఫెక్ట్స్‌లకు కలిపి మూడు ఆస్కార్లు వచ్చాయి. ఈ పాఠం చదివే మన పిల్లల్లో ఎంతమందికి ఆ తెర ముందు నిలబడిన కుర్రాడు పక్క రాష్ట్రం వాడని తెలుసు?

సాబూ 1924 జనవరి 27న కారాపురలో పుట్టాడు. మైసూరుకు నైరుతి దిక్కున, కబిని నది ఒడ్డున ఉన్న అడవి ఊరు అది. ఖెడ్డాలకు పేరు. ఖెడ్డా అంటే అడవి ఏనుగుల మందను డప్పులతో, మంటలతో తరుముకొచ్చి దుంగల కంచెలోకి తోలి పట్టుకోవడం. తండ్రి మహారాజా వారి గజశాలలో మావటి. తల్లి పసితనంలోనే పోయింది, కొన్నేళ్లకు తండ్రి కూడా పోయాడు. పిల్లాడు గజశాల నీడనే బతికాడు. అన్న దస్తగీర్ ఒక్కడే తోడు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా పుస్తకాల్లో ఆయన పేరు సాబూ దస్తగీర్ అని ఉంటుంది. దస్తగీర్ అన్నది నిజానికి అన్న పేరు. ఇతని పేరు షేక్ సాబూ అనీ, ఇంగ్లండు చేరాక కాగితాల్లో ఆ పేరు కలిసిపోయిందనీ తర్వాత పరిశోధించిన వాళ్లు అన్నారు. కడప, కర్నూలు జిల్లాల్లో వీధికొక దస్తగిరి ఉంటాడు కాబట్టి మన వాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కానీ తన సొంత పేరు కూడా సరిగా నమోదు కాకుండా ఒక మనిషి ప్రపంచమంతా ప్రసిద్ధుడు కావడం ఆలోచించాల్సిన విషయమే.

1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా దర్శకుడు మైసూరు వచ్చాడు. డాక్యుమెంటరీ సినిమాకు ఆద్యుల్లో ఒకడు, ఎస్కిమోల జీవితం మీద 1922లోనే ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీసినవాడు. లండన్ ఫిల్మ్స్ అధినేత అలెగ్జాండర్ కోర్డా అతన్ని పంపాడు. కిప్లింగ్ రాసిన మావటి పిల్లాడి కథను తెరకెక్కించాలి, దానికి కుర్రాడు కావాలి. వెతగ్గా వెతగ్గా గజశాలలో పదకొండేళ్ల సాబూ కంటపడ్డాడు. నటన నేర్చుకున్నది లేదు. ఏనుగు తొండం మీద కాలు పెట్టి వీపు మీదికి ఎక్కడం మాత్రం నడక నేర్చినంత సహజంగా వచ్చు. కెమెరాకు కావాల్సింది అదే.

ఫ్లాహర్టీ నెలల తరబడి మైసూరు అడవుల్లో తీస్తూనే ఉన్నాడు. బోలెడు ఫిలిం ఖర్చయింది, కథ మాత్రం తేలలేదు. కోర్డా విసిగిపోయి అందరినీ లండన్ దగ్గరి డెన్హామ్ స్టూడియోకు రప్పించాడు. మిగతా భాగం అతని తమ్ముడు జోల్టాన్ కోర్డా తీశాడు. అలా సాబూ, దస్తగీర్ ఓడెక్కారు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’ విడుదలైంది. వెనిస్ ఉత్సవంలో దర్శకత్వానికి బహుమతి వచ్చింది. ఇంగ్లండు వాళ్లకు ఏనుగు కంటే ఆ పిల్లాడి నవ్వే ఎక్కువ నచ్చింది.

ఆ తర్వాత సాబూ వెనక్కి రాలేదు. స్టూడియో అతన్ని ఇంగ్లిష్ బడిలో వేసింది. భాష ఇట్టే పట్టుబడింది. ఫొటోలు మాత్రం తలపాగాతోనే తీయించేవాళ్లు. సూటు వేసుకున్న సాబూతో వాళ్లకు పని లేదు మరి.

రెండో సినిమా ‘ది డ్రమ్’ 1938లో వచ్చింది. వాయవ్య సరిహద్దు కొండల్లో ఒక ఊహా సంస్థానం. సాబూ చిన్న యువరాజు అజీమ్. అతని పినతండ్రి గుల్ ఖాన్ ఆంగ్లేయులను విందుకు పిలిచి చంపేయాలని చూస్తాడు. యువరాజు నగారా మోగించి తెల్లదొరలను కాపాడతాడు. కథ వింటేనే తెలుస్తుంది ఎవరి కోసం తీశారో. సరిహద్దులో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు అహింసా పద్ధతిలో పోరాడి జైళ్లకు వెళ్తున్న కాలంలో పఠాన్లను ఇలా చూపించారు. బొంబాయిలో, మద్రాసులో జనం వీధుల్లోకి వచ్చారు. చివరికి ఇక్కడ ఆ సినిమా ప్రదర్శన ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కనుక ఆ వార్తలు తెలుగు నేలకూ చేరిన వార్తలే. తన దేశం ఆ సినిమా మీద మండిపడుతున్నప్పుడు సాబూ వయసు పద్నాలుగు. ఆ వయసు పిల్లాణ్ని నిలదీయడం న్యాయం కాదు. అలాగని ఆ సినిమాను వెనకేసుకు రావడమూ కుదరదు.

‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ మొదలైనప్పుడు 1939. మధ్యలో యుద్ధం వచ్చిపడింది. ముగ్గురు దర్శకుల పేర్లున్న ఆ సినిమా సగం డెన్హామ్‌లో, సగం అమెరికాలో పూర్తయింది. కొండ లోయల దృశ్యాలు గ్రాండ్ కాన్యన్‌లో తీశారు. కథలో రాజు అహ్మద్ ఉన్నాడు, రాకుమారి ఉంది, కానీ సినిమా అంతా మోసింది సాబూ. నడుముకు గుడ్డ కట్టుకున్న ఆ దొంగ పిల్లాడు కాసేపు వజీరు మంత్రానికి కుక్కగా మారిపోతాడు. మళ్లీ మనిషై, జిన్నును మాటలతో బోల్తా కొట్టించి తిరిగి సీసాలో దూరేలా చేస్తాడు. అలిఫ్ లైలా కథలు అమ్మమ్మల నోట విన్నవాళ్లకు ఆ ఘట్టం ఎక్కడిదో చెప్పక్కర్లేదు, అందులో చేపలు పట్టేవాడు చేసిన పనే ఇది. ఆ ముగ్గురు దర్శకుల్లో మైకేల్ పావెల్ ఒకడు. ఆ పేరు గుర్తుంచుకోవాలి.

సాబూ అమెరికాలోనే ఉండిపోయాడు. 1942లో మోగ్లీగా ‘జంగిల్ బుక్’ చేశాడు. తర్వాత యూనివర్సల్ స్టూడియోలో ‘అరేబియన్ నైట్స్’, ‘వైట్ శావేజ్’, ‘కోబ్రా ఉమన్’ లాంటి రంగు రంగుల బొమ్మలు వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. హీరో పక్కన నిలబడి నవ్వే నేస్తం వేషాలే.

1944 జనవరిలో అమెరికా పౌరుడయ్యాడు. వెంటనే సైన్యపు వైమానిక దళంలో చేరాడు. సినిమా వాళ్లు చాలామంది యుద్ధ నిధికి ఉపన్యాసాలిచ్చి ఊరుకున్నారు. ఇతను పసిఫిక్ మీద బి-24 లిబరేటర్ బాంబర్లలో గన్నర్‌గా ఎగిరాడు. డజన్ల కొద్దీ దాడుల్లో పాల్గొన్నాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే శౌర్య పతకం వచ్చింది. మొత్తం జీవితంలో ఎవరో రాసిచ్చిన వేషం కాకుండా తానే ఎంచుకుని చేసిన పనుల్లో ఇదొకటి.

యుద్ధం అయిపోయింది. లండన్ సగం శిథిలాలు, రేషన్ కార్డులు. అలాంటి రోజుల్లోనే బ్రిటిష్ సినిమాకు తన చరిత్రలో అన్నిటికంటే మంచి కాలం వచ్చింది. 1945లో డేవిడ్ లీన్ ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’, మరుసటేడు ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’. 1949లో కరోల్ రీడ్ ‘థర్డ్ మ్యాన్’, దాని నిర్మాతల్లో మళ్లీ అలెగ్జాండర్ కోర్డా. అదే ఏడు ఈలింగ్ స్టూడియో వాళ్ల హాస్య చిత్రాలు. సినిమా చదువు ఎక్కడ చెప్పినా ఈ పదేళ్ల మీద పాఠాలుంటాయి. వీటన్నిటిలోనూ వేరుగా నిలబడేవి పావెల్, ఆయన జంట రచయిత ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన సినిమాలు. ప్రెస్‌బర్గర్ హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన హంగేరీ యూదుడు. ఇంగ్లిష్ పెద్దయ్యాక నేర్చుకున్నవాడు. ఆ రకంగా సాబూకూ ఆయనకూ చుట్టరికం ఉంది.

1946లో పావెల్ తన పాత బాగ్దాదు దొంగను మళ్లీ పిలిచాడు. సినిమా ‘బ్లాక్ నార్సిసస్’. హిమాలయాల్లో ఒక కొండ అంచున పాత మహలు. ఒకప్పుడు రాజుగారి జనానా. అందులో బడి, దవాఖానా నడపడానికి కొందరు క్రైస్తవ సన్యాసినులు కలకత్తా నుంచి వస్తారు. అక్కడి గాలి, ఎత్తు, నిశ్శబ్దం వాళ్లను ఒక్కొక్కరినీ లోపలి నుంచి తినేస్తాయి. ఒకామెకు మతి పోతుంది. చివరికి బడి మూసేసి వాళ్లు కొండ దిగిపోతారు.

విశేషమేమిటంటే ఆ సినిమా కోసం పావెల్ ఇండియాకు రాలేదు. హిమాలయం మొత్తం లండన్ శివార్లలోని పైన్‌వుడ్ స్టూడియోలో కట్టారు. ససెక్స్‌లో ఒక తోటలో కొన్ని దృశ్యాలు తీశారు, అంతే. మంచు శిఖరాలు, పాతాళమంత లోతున్న లోయ అద్దం మీద వేసిన బొమ్మలు. గంట మోగించే అంచు దగ్గర చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి, అక్కడ నటి కాలి కింద ఉన్నది కొన్ని అడుగుల ఎత్తు మాత్రమే. కెమెరామన్ జాక్ కార్డిఫ్ డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మల్లో వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూసి అలా దీపాలు పెట్టాడు. ఆయనకు ఆస్కార్ వచ్చింది, సెట్లు వేసిన ఆల్ఫ్రెడ్ యుంగెకూ వచ్చింది.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ హైవే పట్టుకుని హయత్‌నగర్ దాటి ముందుకెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ. లండన్ వీధి, రైల్వే స్టేషను, మొఘల్ తోట అన్నీ అక్కడే ఉన్నట్టు చూపిస్తారు. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లిన ప్రతి కుటుంబానికీ ఆ ప్లైవుడ్ గోడల వెనక ఏమీ ఉండదని తెలుసు. పైన్‌వుడ్ హిమాలయం కూడా అలాంటిదే. తేడా ఒక్కటే, అక్కడ వాళ్లు దేశాన్నే అలా కట్టేశారు. ఇంకో సంగతి. ఆ సినిమా ఆఖరి ఘట్టంలో మాటల్లేవు. సంగీతం ముందే తయారు చేసుకుని, ఆ లెక్క ప్రకారం నటీనటుల కదలికలు తీశారు. లండన్‌లో అది పెద్ద ప్రయోగమని రాస్తారు. పాట ముందు రికార్డు చేసి తర్వాత తీయడం మద్రాసు, బొంబాయి స్టూడియోల్లో అప్పటికే రోజువారీ పని. మన విద్యార్థులు ఈ సినిమా చూసేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

మరి సాబూ? అతనిది యువ జనరల్ పాత్ర. పట్టు బట్టలు, నగలు, తలపాగా. సన్యాసినుల దగ్గర చదువుకుంటానని వస్తాడు. జేబురుమాలుకు లండన్ దుకాణంలో కొన్న సెంటు పూసుకుంటాడు. ఆ సెంటు పేరే బ్లాక్ నార్సిసస్. అంటే సినిమా పేరు వచ్చింది అతని రుమాలు నుంచి. కంచీ అనే పేద పిల్లతో వెళ్లిపోతాడు. తర్వాత వచ్చి క్షమాపణ చెప్పి, ఇక తన పూర్వీకుల్లాగే బతుకుతానంటాడు. ఆ కంచీ వేషం వేసింది జీన్ సిమన్స్ అనే ఇంగ్లిష్ అమ్మాయి, ఒంటికి రంగు పూసుకుని. ముసలి జనరల్, ఆయా వేషాలూ తెల్లవాళ్లవే. ముఖ్య పాత్రల్లో నిజంగా హిందుస్తానీ మనిషి సాబూ ఒక్కడే. అతని చుట్టూ ఉన్న ఇండియా అంతా రంగు, అద్దం, గుడ్డ.

ఆ సినిమా లండన్‌లో విడుదలైంది 1947 మే నెలలో. ఆగస్టు 15కు కొన్ని నెలలే ఉంది. కొండ మీద నిలవలేక దిగిపోయే ఆ తెల్లదుస్తుల వాళ్లను చూసి, ఇది సామ్రాజ్యం సామాను సర్దుకుంటున్న సినిమా అని తర్వాతి తరం విమర్శకులు అన్నారు. ‘ది డ్రమ్’లో ఆంగ్లేయులను కాపాడిన అదే కుర్రాడు, తొమ్మిదేళ్లకు, వాళ్లు వెళ్లిపోతుంటే పక్కన నిలబడి ఉన్నాడు. ఈ రెండు సినిమాలనూ వెనకా ముందూ పెట్టి చూస్తే పుస్తకాల్లో దొరకని చరిత్ర దొరుకుతుంది.

అదే ఏడు పావెల్ సంస్థే నిర్మించిన ‘ఎండ్ ఆఫ్ ది రివర్’లో సాబూ హీరో. బ్రెజిల్ వెళ్లి తీశారు. అమెజాన్ అడవి నుంచి పట్నం వచ్చి హత్య కేసులో బోనెక్కిన ఆదివాసీ యువకుడి పాత్ర. అతనికి దొరికిన బరువైన వేషం అదొక్కటే అనాలి. సినిమా ఆడలేదు. మళ్లీ అడవి, పులి, ఏనుగు కథలే. 1948లో ‘మ్యాన్ ఈటర్ ఆఫ్ కుమావూన్’, 1949లో ‘సాంగ్ ఆఫ్ ఇండియా’. పాతికేళ్లు నిండినా ఆ పిల్లాడి వేషం అతన్ని వదల్లేదు. యాభైల మొదట్లో లండన్‌లో ఒక సర్కస్‌లో ఏనుగుల ఆట కూడా చేశాడు. పదకొండేళ్లప్పుడు ఎక్కడ మొదలుపెట్టాడో మళ్లీ అక్కడికే.

ఆ రోజుల్లోనే బొంబాయిలో మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’ తలపెట్టాడు. బిర్జూ పాత్రకు మొదట అనుకున్నది సాబూనే. అందుకోసం ఇండియా వచ్చాడనీ, పని అనుమతి దొరక్క ఆగిపోయిందనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. చివరికి ఆ పాత్ర సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో వచ్చిన ఆ సినిమా ఏమైందో అందరికీ తెలుసు. ప్రపంచానికి ఇండియా అంటే సాబూ ముఖమే అయిన రోజుల్లో కూడా, సొంత దేశపు సినిమాలో అతను ఒక్క వేషమూ వేయలేదు. మెహబూబ్ బిర్జూ మంచివాడు కాదు, విధేయుడు అసలే కాదు. వడ్డీ వ్యాపారి మీద తుపాకీ ఎత్తిన కొడుకు. తలపాగా పెట్టుకుని నవ్వడమే పనిగా ఇరవై ఏళ్లు గడిపిన నటుడికి ఆ కోపం ఎలా ఉండేదో చూసే అవకాశం పోయింది.

ఇంటి సంగతులు. 1948లో సాటి నటి మెరిలిన్ కూపర్‌ను పెళ్లి చేసుకున్నాడు. కొడుకు పాల్, కూతురు జాస్మిన్. పాల్ రాక్ సంగీతంలోకి వెళ్లాడు. జాస్మిన్ సినిమాల కోసం జంతువులకు శిక్షణ ఇచ్చేది. మావటి తాత విద్య మనవరాలికి వచ్చిందన్నమాట. వేషాలు తగ్గాక సాబూ స్థలాలు, ఇళ్ల వ్యాపారం చూసుకున్నాడు. అన్న దస్తగీర్ ఫర్నిచర్ దుకాణం పెట్టుకున్నాడు. 1960లో ఆ దుకాణంలోకి దొంగతనానికి వచ్చినవాళ్ల చేతిలో దస్తగీర్ హతమయ్యాడు. గజశాల నుంచి ఓడ దాకా, ఓడ నుంచి హాలీవుడ్ దాకా చెయ్యి పట్టుకు నడిచిన ఒకే ఒక్క రక్త సంబంధం అలా తెగిపోయింది. అదే ఏడు హాలీవుడ్ వీధిలో సాబూ పేరుతో నక్షత్రం పడింది.

మూడేళ్లకు, 1963 డిసెంబరు 2న, కాలిఫోర్నియాలోని ఛాట్స్‌వర్త్‌లో గుండె ఆగి ఇంతకాల్ అయ్యాడు. వయసు ముప్పై తొమ్మిది. ఆ రోజులకు ముందే డాక్టరు దగ్గర మామూలు పరీక్ష చేయించుకున్నాడు, ఏ జబ్బూ లేదన్నారు. హాలీవుడ్ కొండల కింద ఫారెస్ట్ లాన్ శ్మశానంలో పూడ్చారు. అప్పటికే పూర్తయిన చివరి సినిమా ‘ఎ టైగర్ వాక్స్’ను డిస్నీ సంస్థ మరుసటేడు విడుదల చేసింది. సర్కస్ నుంచి తప్పించుకున్న పులి కథ. అందులో సాబూ కూడా ఒక వేషం వేశాడు.